పాత సీడీలు పారేయొద్దు

వర్చువల్‌బాక్స్ అంటే మనలో చాలామందికి గుర్తొచ్చేది ల్యాబు రికార్డే. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబు కోసం ఉబుంటు ఎక్కించడం, నాలుగు కమాండ్లు కొట్టి స్క్రీన్‌షాట్లు తీయడం, సెమిస్టర్ అయిపోగానే డిస్కులో జాగా చాలట్లేదని డిలీట్ కొట్టడం. నేనూ అట్లే చేసినోణ్ణి. రెండో సంవత్సరం దాకా అది వైవాకు తప్ప దేనికీ పనికిరాదనుకున్నా. ఇప్పుడు నా అభిప్రాయం వేరే. మన తెలుగు క్లబ్బులో ఉన్న ప్రతి ఒక్కరి ల్యాప్‌టాప్‌లో ఉండాల్సిన సాఫ్ట్‌వేర్ అదేనని నేనంటాను. ఎందుకో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మాది కర్నూలు. మా నాయన పాత ఊళ్ళో చిన్న డీటీపీ షాపు నడిపేవాడు. పెళ్ళి పత్రికలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, అప్పుడప్పుడు పల్లెల్లోని కవులు, రిటైరైన అయ్యవార్లు సొంత ఖర్చుతో వేసుకునే పుస్తకాలు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు నాకు నాలుగేళ్ళు. షాపులో కంప్యూటర్లు, ప్రింటరు, కట్టలు కట్టి పెట్టిన పుస్తకాలు అన్నీ బురదలో కలిసిపోయినాయి. మిగిలింది ఇంట్లో మిద్దె మీద అటక ఎక్కించిన ఒక అట్టపెట్టె. దాన్నిండా సీడీలు. పని ముగిసిన ప్రతి పుస్తకాన్నీ సీడీలో ఎక్కించి, పైన స్కెచ్ పెన్నుతో పేరు, తేదీ రాసి దాచడం నాయనకు అలవాటు.

పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను ఇంట్లో ఉన్నప్పుడు ఒకామె వచ్చింది. వాళ్ళ నాయన నంద్యాల పక్క పల్లెలో తెలుగు అయ్యవారుగా చేసి రిటైరైనాడంట. చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి ముసలోళ్ళ దగ్గర కూర్చొని కోలాటం పాటలు, విసుర్రాయి పాటలు రాసుకొచ్చి 2007లో మా షాపులోనే పుస్తకం వేయించినాడు. 500 కాపీలు. కొన్ని పంచినారు, కొన్ని అమ్ముడుపోయినాయి, ఇంట్లో మిగిలిన ఒక్క కాపీని చెదలు తినేసినాయి. ఆయన పోయి రెండేళ్ళు.

"అన్నా, మీ దగ్గర ఏమన్నా ఉంటాదేమోనని వచ్చినా. ఉంటే ఇంకో వంద కాపీలన్నా వేయించుకుంటాం" అనింది.

నాయన అటక మీంచి పెట్టె దించినాడు. సీడీ దొరికింది. నా ల్యాప్‌టాప్‌కు సీడీ డ్రైవే లేదు. ఫ్రెండు దగ్గర యూఎస్‌బీ డ్రైవు తెచ్చి పెడితే ఫైళ్ళు కనపడినాయి. అన్నీ పేజ్‌మేకర్ ఫైళ్ళు. విండోస్ 11లో వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ నా దగ్గర లేదు. లిబ్రేఆఫీసులో పెడితే తెరుచుకుంది గానీ తెలుగు ఒక్క అక్షరం లేదు. ఇంగ్లిషు అక్షరాలు, నెత్తిన చుక్కలున్న అక్షరాలు, డాలరు గుర్తులు, బ్రాకెట్లు.

"ఇదేం బాస రా" అన్నాడు నాయన. ఆమె ఏమీ అనలేదు. స్క్రీన్ వంక చూస్తా ఉండిపోయింది.

ఎందుకిట్లా అయింది? యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. ప్రతి తెలుగు అక్షరానికీ ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక నంబరు ఉంది. కానీ మన డీటీపీ షాపులు ఆ దారిలో పోలేదు. పేజ్‌మేకర్‌కు భారతీయ భాషల యూనికోడ్ రాదు. అందుకని అను ఫాంట్ల వంటివి వచ్చినాయి. వాటిలో ఇంగ్లిషు అక్షరాల నంబర్ల మీద తెలుగు అక్షరం ముక్కలు కూర్చోబెట్టి ఉంటాయి. తలకట్టు ఒక నంబరు, ఒత్తు ఇంకో నంబరు. ఫాంటు ఉన్నంతవరకే అది తెలుగు. ఫాంటు తీసేస్తే గజిబిజి. పుస్తకాలు, కరపత్రాలు, సావనీర్లు, కాలేజీ మ్యాగజైన్లు ఏళ్ళ తరబడి ఇట్లాంటి ఫాంట్లలోనే తయారైనాయి. పేజ్‌మేకర్ 7.0 తర్వాత అడోబ్ ఇంకో వెర్షన్ తేలేదు. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న సపోర్టు ఆపేసింది. అంటే ఆ పాటలన్నీ ఉన్నాయి, కానీ వాటిని చదివే కంప్యూటరు పోయింది.

సరిగ్గా ఇక్కడే నాకు ల్యాబులో డిలీట్ కొట్టిన వర్చువల్‌బాక్స్ గుర్తొచ్చింది. పాత కంప్యూటరు లేకపోతే ఏం, దాన్ని నా ల్యాప్‌టాప్ లోపల కట్టుకుంటే పోలా?

తెలియని జూనియర్ల కోసం రెండు మాటలు. వర్చువల్ మెషిన్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. దాని హార్డ్‌డిస్కు మన డిస్కులో ఒక ఫైలు. దాని ర్యామ్ మన ర్యామ్‌లో ఒక వాటా. లోపలి ఎక్స్‌పీకి తాను ఇంకొకరి ఇంట్లో ఉన్నానని తెలియదు. ఇదేమీ నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1960లలోనే ఐబీఎం తన పెద్ద మెయిన్‌ఫ్రేముల మీద ఈ పని మొదలుపెట్టి, 1972లో వీఎం/370 అని అమ్మకానికి తెచ్చింది. 2005, 2006లలో ఇంటెల్, ఏఎండీ మామూలు ప్రాసెసర్లలోనే దీనికి కావాల్సిన ఏర్పాటు పెట్టడంతో ఇంటి పీసీల్లో కూడా ఇది తేలికైంది. జర్మనీకి చెందిన ఇన్నోటెక్ 2007లో వర్చువల్‌బాక్స్‌ను ఓపెన్ సోర్సుగా ఇచ్చింది. 2008లో ఆ కంపెనీని సన్ కొన్నది, 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. చేతులు మారినా అది ఉచితంగానే ఉంది. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024లో ఉచితమైంది. లినక్స్ వాడేవాళ్ళకైతే కెర్నల్‌లోనే కేవీఎం ఉంది.

నేను చేసింది ఇదీ. ముందు బయోస్‌లోకి పోయి వర్చువలైజేషన్ ఆన్ చేసినా. చాలా ల్యాప్‌టాప్‌లలో అది ఆఫ్‌లో ఉంటుంది, "నా సిస్టంలో రాదు" అని మనవాళ్ళు వదిలేసేది ఇక్కడే. కొత్త మెషిన్ చేసి 512 ఎంబీ ర్యామ్, 10 జీబీ డిస్కు ఇచ్చినా. ఎక్స్‌పీకి అది ఎక్కువే. నాయన ఆ రోజుల్లో డబ్బులిచ్చి కొన్న ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, ఫాంట్ల సీడీలు అదే పెట్టెలో కవర్లతో సహా ఉన్నాయి. వాటినే ఎక్కించినా. నెట్‌వర్క్ పూర్తిగా తీసేసినా. సపోర్టు ఆగిపోయి పదేళ్ళు దాటిన సిస్టంను నెట్‌కు కలపడమంటే రాత్రిపూట తలుపు తీసి పండుకోవడమే. షేర్డ్ ఫోల్డర్‌లో ఫైళ్ళు పెట్టి తెరిచినా.

స్క్రీన్ మీద తెలుగు వచ్చింది. మొదటి పేజీలో అయ్యవారి పేరు, రెండో పేజీలో ఆయన రాసుకున్న ముందుమాట. నాయన కళ్ళద్దాలు తుడుచుకొని, "ఈ బోర్డరు నేనే గీసింటి" అన్నాడు.

పని అక్కడితో అయిపోలేదు. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉచితంగా దొరుకుతాయి గానీ, అవి ఒత్తుల దగ్గర, సున్నాల దగ్గర తడబడతాయి. వర్చువల్ మెషిన్‌లో అసలు పేజీ ఒక పక్క, మార్చిన టెక్స్టు ఇంకో పక్క పెట్టుకొని మూడు రాత్రులు కూర్చున్నాం. నాయన చదువుతా ఉంటే నేను దిద్దుకుంటూ పోయినా. మా జేజి మధ్యలో వచ్చి, "ఆ పాట అట్ల కాదు, మా ఊళ్ళో ఇట్ల పాడేవాళ్ళు" అని ఇంకో చరణం చెప్పింది. ఉగాదికి ఆమె వంద కాపీలు వేయించుకునింది.

ఇప్పుడు నా వాదనకు వస్తా. ఉచిత వర్చువల్ మెషిన్‌ను మనం ల్యాబు రికార్డుకు మాత్రమే వాడడం అన్యాయం. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప, ఏ ఊరి డీటీపీ షాపులో చూసినా ఇట్లాంటి పెట్టె ఒకటి ఉంటుంది. రాయలసీమ రచయితల్లో పెద్ద ప్రచురణ సంస్థల దాకా పోయినోళ్ళు కొందరే. మిగతావాళ్ళ పుస్తకాలు 300, 500 కాపీలతో మొదలై అక్కడే ఆగిపోయినాయి. వాటికి మిగిలిన చివరి ప్రతి ఏదో ఒక సీడీలో ఉండొచ్చు. మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. రైటబుల్ సీడీలో ఉండేది రంగు పూత, వేడికీ వెలుతురుకీ అది పాడవుతుంది. చెదలు పుస్తకాన్ని తింటే కంటికి కనపడుతుంది. సీడీ పోయేది ఎవరికీ కనపడదు.

దీనికి నేను విన్న అభ్యంతరాలు కొన్ని ఉన్నాయి.

"నా ల్యాప్‌టాప్ 4 జీబీదే, లాగదు" అంటారు. కె.సి. కెనాల్ కింద సేద్యం చేసే ఇంటి పిల్లలకు ఈ లెక్క నేను చెప్పక్కర్లేదు. పైనోళ్ళు తూములన్నీ ఎత్తేస్తే చివరి ఆయకట్టుకు నీళ్ళు రావు. ర్యామ్ కూడా అంతే. లోపలి మెషిన్‌కు సగం కంటే ఎక్కువ ఇవ్వొద్దు, వాడేటప్పుడు బ్రౌజర్ మూసేయండి. ఎక్స్‌పీ లాంటి పాత సిస్టం 4 జీబీ ల్యాప్‌టాప్‌లో హాయిగా నడుస్తుంది. విండోస్‌లో హైపర్-వీ ఆన్‌లో ఉంటే వర్చువల్‌బాక్స్ కింద పక్క ఆకుపచ్చ తాబేలు బొమ్మ చూపిస్తుంది. అది కనపడితే మీ మెషిన్ నిజంగానే తాబేలు నడక నడుస్తుందని అర్థం.

"డ్యూయల్ బూట్ చేస్తే పోతుంది గదా" అంటారు. ఉబుంటుకైతే సరే. కానీ పార్టిషన్‌లో చెయ్యి జారితే ఇంట్లో ఉన్న ఒక్క ల్యాప్‌టాప్ పోతుంది. వర్చువల్ మెషిన్‌లో ముందే ఒక స్నాప్‌షాట్ తీసుకుంటే ఏం చెడగొట్టుకున్నా రెండు నిమిషాల్లో వెనక్కి రావొచ్చు. చెడగొట్టి నేర్చుకునే అవకాశం, రెండో ల్యాప్‌టాప్ కొనలేని మనలాంటోళ్ళకే ఎక్కువ అవసరం.

"ప్లేస్‌మెంటుకు పనికొస్తుందా" అనేది మూడోది. క్లౌడ్ అని మనం నోరారా చెప్పుకునే దాంట్లో అద్దెకిచ్చే సర్వర్లు ఎక్కువగా వర్చువల్ మెషిన్లే. డిస్క్ ఇమేజ్, స్నాప్‌షాట్, నాట్, బ్రిడ్జ్ అనే మాటలు నేను పుస్తకంలో చదివింటి. అర్థమైంది మాత్రం ఆ మూడు రాత్రుల్లోనే.

ఒక్క అభ్యంతరం మాత్రం న్యాయమైంది. వర్చువల్‌బాక్స్ ఉచితం, లోపల పెట్టే విండోస్ ఉచితం కాదు. వర్చువల్‌బాక్స్ ఎక్స్‌టెన్షన్ ప్యాక్ కూడా సొంత వాడకానికి, చదువుకు ఉచితమే గానీ షాపు పనికి కాదు. షాపువాళ్ళ దగ్గర అసలు లైసెన్సు ఉందో లేదో అడగండి. ఎవడో నెట్‌లో పెట్టిన క్రాక్ చేసిన ఎక్స్‌పీని దింపుకొని, దాంట్లో ఒక పెద్దాయన జీవితకాలం కష్టాన్ని తెరవడం నాకు మనసొప్పదు.

ఇంకోటి. వర్చువల్ మెషిన్ వంతెన మాత్రమే, ఇల్లు కాదు. ఫైళ్ళను అందులోనే వదిలేస్తే పదిహేనేళ్ళకు మన వీడీఐ ఫైలు కూడా ఇంకో పాత సీడీ అవుతుంది. ఎం-సిరీస్ మ్యాక్ ఉన్న ఫ్రెండ్సుకు ఇది ఇప్పుడే తెలిసొస్తా ఉంటుంది, వాటి ప్రాసెసరు జాతే వేరు కాబట్టి మన ఎక్స్‌పీ మెషిన్‌ను వాటి మీద నేరుగా నడపలేం. కాబట్టి తెరవండి, యూనికోడ్‌లోకి మార్చండి, దిద్దండి, రచయిత కుటుంబం ఒప్పుకుంటే నలుగురికీ అందేచోట పెట్టండి.

కడపలో చదువుతూ బ్రౌన్ గ్రంథాలయానికి పోనోళ్ళు మనలో చాలామందే ఉన్నారు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు వచ్చినాడు. ఇక్కడ బంగళా కొని, పండితులను జీతమిచ్చి పెట్టుకొని, తాటాకుల మీద ఉన్న కావ్యాలకు కాగితం మీద శుద్ధప్రతులు రాయించినాడు. 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించినాడు. ఆ బంగళా ఉన్న చోటనే ఇప్పటి గ్రంథాలయం ఉంది. ఆయన చేసింది కూడా ఇదే పని. చదివేవాళ్ళు తగ్గిపోతున్న ఒక రూపంలోంచి, అందరూ చదవగలిగే ఇంకో రూపంలోకి మార్చడం. ఆయనకు జీతమిచ్చే పండితులు కావాల్సి వచ్చింది. మనకు ఒక ల్యాప్‌టాప్, ఉచిత సాఫ్ట్‌వేర్, తెలుగు చదవడం వచ్చిన ఒక పెద్దమనిషి ఉంటే చాలు.

అందుకే క్లబ్బు మిత్రులకు నా ప్రతిపాదన. ఈ వేసవి సెలవుల్లో మీ ఊరి డీటీపీ షాపుకు ఒక్కసారి పోండి. "అన్నా, పాత సీడీలు ఏమన్నా ఉన్నాయా" అని అడగండి. మనిషికి ఒక్క పుస్తకం. మా పెట్టెలో ఇంకా 43 సీడీలు ఉన్నాయి. వాటిలో పదకొండు ఇప్పటికే చదవడానికి రావట్లేదు. మిగిలిన ముప్పై రెండింటి కోసం నేను కర్నూలు బస్సెక్కుతున్నా. ఎవరన్నా వస్తారా?