బెత్తం మార్చలేని బిడ్డను కథ మారుస్తుంది

సింధనూరు, మాన్వి వైపు తెలుగువాళ్లు స్థిరపడ్డ క్యాంపుల్లోనూ, రాయచూరు పట్టణంలోనూ మన క్రైస్తవ సంఘాల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. దారి తప్పిన పిల్లాడికి బెత్తమూ ఉపవాస ప్రార్థనా తప్ప మందు లేదట. కథలూ నవలలూ లోకసంబంధమైనవట, చదవనిస్తే ఇంకా చెడతాడట. ఈ మాట తప్పు. వాక్యమే దీన్ని ఒప్పుకోదు.

సామెతల గ్రంథం 13వ అధ్యాయంలోని బెత్తం అందరికీ కంఠతా వచ్చు. పిల్లలకు కోపం రేపవద్దని ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో పౌలు తండ్రులను హెచ్చరించిన సంగతి ఎందరికి గుర్తుంది? దావీదు వ్యభిచారం చేసి, హత్య చేయించి గుట్టుగా కూర్చున్నప్పుడు నాతాను ప్రవక్త ఏం చేశాడు? పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ చెప్పాడు. ఆ అన్యాయానికి రాజు మండిపడ్డాక, ఆ ధనవంతుడివి నువ్వేనన్నాడు. రాజు తన పాపం తానే ఒప్పుకున్నాడు. యొర్దాను దాటాక యెహోషువ 12 రాళ్లు నిలబెట్టించింది కూడా, రేపు పిల్లలు ఇవేమిటని అడిగితే పెద్దలు జరిగింది చెప్పాలనే. చరిత్రను కథగా చెప్పడం లోకసంబంధమైతే బైబిల్లో సగం మూసేయాలి.

తల్లిదండ్రుల భయాన్ని నేను కొట్టిపారేయను. గుట్కా, తాగుడు, తెల్లవార్లూ ఫోను, బడి ఎగ్గొట్టడం నిజమే. హద్దులు పెట్టాల్సిందే. కానీ దెబ్బలు తిన్నవాడు నేర్చుకునేది దొరక్కుండా తప్పు చేయడం. బడిలో పిల్లల్ని కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. బడిలో నిషిద్ధమైనది ఇంట్లో భక్తి ఎలా అవుతుంది?

ఇక్కడి పదిహేనేళ్ల తెలుగు పిల్లాడి పరిస్థితి చూడండి. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, గుడిలో క్రైస్తవుడు, ఊళ్లో కులం పేరు. నేనెవరినన్న ప్రశ్నకు జవాబు దొరకనివాడే చాలాసార్లు మొండివాడవుతాడు. పాఠ్యపుస్తకం అతనికి రాజుల తేదీలిస్తుంది, తన తాతల సంగతి చెప్పదు.

జి. కళ్యాణరావు నవల ‘అంటరాని వసంతం’ ఆ సంగతి చెబుతుంది. కరువుకు ఊరు వదిలిన శివయ్య, శశిరేఖ పొట్టకూటికి బకింగ్‌హాం కాలువ పనికి వెళ్తే, అంటరానివాళ్లని అక్కడా పైకులాల వాళ్లు అడ్డుపడతారు. ఆకలికన్నా ముందు కులం నిలబడిన ఆ ఘట్టం చదివాక 1876–78 కరువు పిల్లాడికి పరీక్ష కోసం బట్టీపట్టే తేదీగా ఉండదు. ఆ కరువులో ఆ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించిన మిషనరీ క్లౌ, 1878 జులైలో ఒక్కరోజే 2,222 మందికి ఒంగోలు దగ్గర బాప్తిస్మమిప్పించిన సంగతీ పక్కనే చెప్పండి. తన విశ్వాసం ఏ ఆకలిలోంచి, ఏ ఆత్మగౌరవంలోంచి వచ్చిందో బిడ్డకు తెలుస్తుంది.

రాయచూరు 1948 దాకా నిజాం ఏలుబడిలో ఉంది, 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ పాలనలో వెట్టి ఎలా ఉండేదో దాశరథి రంగాచార్య నవల ‘చిల్లర దేవుళ్లు’ చూపిస్తుంది. మన జిల్లాలోనే ఉన్న మస్కికి పిల్లల్ని తీసుకెళ్లండి. 1915లో బయటపడ్డ అక్కడి శాసనంలో అశోకుడి పేరుంది. గొప్పవాళ్లకే కాదు, చిన్నవాళ్లకూ ధర్మంతో ఉన్నతి సాధ్యమన్న మాటా ఉంది. ఎందుకూ పనికిరావని రోజూ వినే పిల్లాడికి ఆ మాట ఆ బండ దగ్గరే వినిపించాలి.

నవల కల్పన కదా, చరిత్ర ఎలా అవుతుందంటారా? అవదు. అందుకే నవల పక్కన తేదీలూ శాసనాలూ పెట్టి, ఏది కల్పనో ఏది జరిగిందో పిల్లల చేతే తేల్పించాలి. నిజం వెతకడం అలవాటైనవాడు తన తప్పునూ నిజాయితీగా చూడగలడు.

పాస్టర్లకూ తల్లిదండ్రులకూ నా విన్నపం ఒక్కటే. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక గంట పిల్లలతో కలిసి నవల చదవండి, వాళ్లడిగే ప్రశ్నలకు కోప్పడకుండా జవాబివ్వండి. ప్రార్థన మానొద్దు. బెత్తం మానండి.