ఈ నెల పరుగుకు సెలవు!

మైలార్‌దేవ్‌పల్లిలో పొద్దున్నే పరుగు తీయాలంటే లారీలకన్నా ముందే లేవాలి. కాటేదాన్ ఫ్యాక్టరీలకు సరుకు రాకపోకలు మొదలయ్యాయంటే ఆరాంఘర్ దాకా పొగా, దుమ్మూ! అందుకే పరుగు మీద మోజున్నవాళ్లు చీకటితోనే బయల్దేరి రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వైపో, హిమాయత్‌సాగర్ వైపో మళ్లుతారు. సైకిలుంటే ఇంకాస్త ముందుకెళ్లి పోలీస్ అకాడమీ దగ్గర సోలార్ పలకల కప్పు కింద సాగే సైకిల్ ట్రాక్ ఎక్కేయొచ్చు. 2023 అక్టోబరులో ప్రారంభమైన ఆ ట్రాక్ మొత్తం పొడవు 23 కిలోమీటర్లు.

ఇంత కష్టపడి చేసుకున్న అలవాటు ఒక్క రోజులో ఆగిపోతుంది. మడమలో పోటు, మోకాలి పక్కన సలుపు, లేదంటే సైకిల్ మీంచి జారిపడి మణికట్టుకు కట్టు. ఆగస్టు మారథాన్‌కి పేరిచ్చి, డబ్బు కట్టి, ఆఫీసులో అందరికీ చెప్పేసుకున్నాక డాక్టరు ‘ఆరు వారాలు పరుగొద్దు’ అంటే... కాలి నొప్పి కన్నా ఆ మాటే ఎక్కువ బాధపెడుతుంది. ‘ఆర్నెల్ల శ్రమ గంగలో కలిసింది’ అనిపిస్తుంది.

నిజంగా కలిసిందా? 1984లో అమెరికాలో ఎడ్వర్డ్ కోయిల్ అనే శాస్త్రవేత్త బృందం ఈ లెక్కే తీసింది. బాగా సాధనలో ఉన్నవాళ్ల చేత వ్యాయామం పూర్తిగా మాన్పించి చూస్తే, ఒంటికి ఆక్సిజన్‌ను వాడుకునే శక్తి మూడు వారాల్లో 7 శాతం తగ్గింది. ఎనిమిది వారాలకు 16 శాతం దగ్గరికి చేరి, అక్కడ నిలిచిపోయింది. అంటే నూటికి ఎనభై పాళ్లకు పైగా చేతిలోనే ఉందన్నమాట! ముందుగా తగ్గేది ఒంట్లోని రక్తం పరిమాణం. మళ్లీ మొదలుపెట్టిన రోజున ఆయాసం రావడానికి అదో కారణం. సాధన సాగితే అది త్వరగానే సర్దుకుంటుంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఊపిరి తొందరగా దారికొస్తుంది, ఎముకా స్నాయువూ అంత తొందరగా రావు. ‘బాగానే ఉన్నానే’ అనుకుని పోయిన కిలోమీటర్లన్నీ ఒకే ఆదివారం రాబట్టబోతే మళ్లీ మంచమే. వారానికి పది శాతం మించి పెంచకూడదన్న సూత్రం చాలామందికి కంఠతా వచ్చు. నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్తవాళ్ల మీద జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో, మెల్లగా పెంచినవాళ్లకూ మామూలుగా పెంచినవాళ్లకూ గాయాలు దాదాపు ఒకేలా అయ్యాయి. ఐదువేల మందికి పైగా రన్నర్లను గమనించి 2025లో వెలువరించిన మరో అధ్యయనం వేరే మాట చెప్పింది: వారం మొత్తం కన్నా, గత నెలరోజుల్లో పరుగెత్తిన అతి పొడవైన దూరాన్ని ఒక్కరోజులో పది శాతానికి మించి దాటేయడమే ప్రమాదమట. అత్యాశకు లెక్క దొరికినట్టే!

పరుగు ఆపినా కదలిక ఆపక్కర్లేదు. 1984 ఒలింపిక్స్‌లో మొట్టమొదటి మహిళల మారథాన్ గెలిచిన జోన్ బెనాయిట్‌కు, ఎంపిక పోటీలకు సరిగ్గా 17 రోజుల ముందు మోకాలికి ఆపరేషన్ అయింది. ఆమె చేతులతో పెడల్ తిప్పుతూ సాధన కొనసాగించింది. ఎంపిక పోటీ కూడా ఆమే గెలిచింది. మామూలు మనుషులు పదిహేడు రోజుల్లో మారథాన్‌కి దిగమని కాదు. మడమ నొప్పి ఉన్నవాళ్లలో చాలామంది, డాక్టరు సరేనంటే, సైకిల్ తొక్కొచ్చు. మణికట్టుకు కట్టున్నవాళ్లకు ఇంట్లో కదలకుండా ఉండే సైకిలుంది.

హైదరాబాద్ వాసి ఆదిత్య మెహతా రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాక సైకిలెక్కి, 2013లో ఆసియా పారా సైక్లింగ్‌లో రెండు రజతాలు తెచ్చాడు. గొప్ప సంగతే. కానీ గాయపడిన మొదటి వారంలో ఎవరికీ ఈ కథ చెప్పకండి. ‘ఆయనతో పోలిస్తే నీదెంత’ అన్నట్టు వినిపిస్తుంది.

అసలు భయపడాల్సింది మాత్ర మింగి పరుగెత్తేవాళ్ల గురించి. ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే ప్రాణం పోతున్నా, రాత్రి పడుకున్నా నొప్పి వదలకపోయినా అది పగులు కావచ్చు. పరుగుతో తగ్గదు, పెరుగుతుంది. పైగా చెమటతో ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు మూత్రపిండాలకు చేటు చేయొచ్చు. ఏప్రిల్, మే ఎండల్లో సాధన చేసే హైదరాబాదీలకు ఇది చిన్న విషయం కాదు.

డాక్టరు ఒప్పుకున్నాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక... అలా ఇరవై నిమిషాలు. మర్నాడు పొద్దున నొప్పి పెరగకపోతేనే ఇంకో అడుగు. పేరిచ్చిన 42 కిలోమీటర్లను 10కి మార్చుకునే వీలుందేమో నిర్వాహకులను అడగండి. అదీ కుదరదంటే, నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలి స్టేడియం దాకా సాగే ఆ దారిలో నీళ్ల గ్లాసులు అందించడానికీ మనుషులు కావాలి. చీకటితో లేవడం ఎలాగూ అలవాటే కదా!