ఏనుగు చౌక, మేత ప్రియము

రెండేండ్ల క్రిందట మన కళాశాలలో బి.కాం. పట్టా పుచ్చుకొని వెళ్లిన విద్యార్థి ఒకడు ఒకనాటి మధ్యాహ్నము మమ్ములను చూచుటకు వచ్చినాడు. వచ్చినది నల్లని పెద్ద విదేశీ కారులో. గేటు వద్ద కాపలాదారు కమిటీ పెద్దలెవరో వచ్చినారనుకొని లేచి సలాము చేసి గేటు రెండు రెక్కలను బార్లా తెరచినాడు. దిగినవాడు ఇరవై మూడేండ్ల పిల్లవాడు. "సార్, నా మొదటి కారు" అన్నాడు. ఆ ముఖములోని వెలుగు చూచి మేమును సంతోషించితిమి. ధర విని ఆశ్చర్యపడితిమి. కొత్తగా ఉన్ననాడు 60 లక్షలు దాటిన బండి, పన్నెండేండ్ల తరువాత అతనికి 9 లక్షల 50 వేలకు దొరికినది. మీటరుపై 1,40,000 కిలోమీటర్లు. ఆ డబ్బు అతని తండ్రి సౌదీలో పందొమ్మిదేండ్లు పనిచేసి కూడబెట్టిన దానిలోనిది.

ఎనిమిది మాసముల పిమ్మట అతడు మరల వచ్చినాడు, ఈసారి సిటీ బస్సులో. బండి మాట మేము అడుగలేదు. అతడే చెప్పినాడు. సంచికలో వ్రాయుటకు అనుమతి కోరగా, "వ్రాయండి సార్, పేరు మాత్రం వద్దు" అన్నాడు. అతని కథలో కొంత ఇక్కడ, కొంత చివర చెప్పెదము. నడుమ చెప్పునది మా అభిప్రాయము.

ఈ కోరిక అతనొక్కనిదే కాదు. విరామ సమయమున మన వరండాలలో వినవచ్చు సంభాషణలలో క్రికెట్టు తరువాతి స్థానము ఈ బండ్లదే. కొత్త చిన్న కారు కొను డబ్బుతో పాత ఆడి క్యూ 7 వచ్చును గదా, పాత బి.ఎం.డబ్ల్యు. ఎక్స్ 5 వచ్చును గదా అను వాదము పైకి తర్కబద్ధముగనే తోచును. ఒక వంక రేకు డబ్బా వంటి చిన్న పెట్రోలు బండి. మరొక వంక ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను, నాలుగు చక్రములకు శక్తి, తోలు సీట్లు, గతుకుల బాటపై గాలిలో తేలినట్టి నడక. ఇరవై మూడేండ్ల మనసు ఎటు మొగ్గునో చెప్పనక్కరలేదు.

మన వాణిజ్యశాస్త్ర విద్యార్థులు తరుగుదల అను అధ్యాయమును చదువుదురు. ఆస్తి విలువ ఏటేట తగ్గును, దానిని పద్దులలో చూపవలెను. పరీక్షలో ఈ లెక్కను తప్పు లేకుండ చేయు విద్యార్థులే బజారులో ఒక విషయము మరచుచున్నారు. తరుగునది బండి ధర మాత్రమే. దాని విడిభాగముల ధర తరుగదు. 60 లక్షల బండికి తయారైన గేరుబాక్సు, ఆ బండి 9 లక్షలకు చేతులు మారినంత మాత్రాన 9 లక్షల బండి గేరుబాక్సు కాజాలదు. బజారు తెలివితక్కువది కాదు. ఇంత ఘనమైన బండి ఇంత చౌకగా వచ్చుచున్నదనిన, మిగిలిన ధరను కొన్నవాడు మరమ్మతుల రూపమున వాయిదాలలో చెల్లించునని అమ్మువారికి, దళారులకు ముందే తెలియును. తెలియనివాడు కొనువాడొక్కడే. ఏనుగును చౌకగా అమ్మినవాడు మేతకు పూచీ పడడు గదా.

మేత అనగా ఏమో కొంచెము వివరించెదము. ఈ తరగతి బండ్లలో చాల వాటికి ఉక్కు స్ప్రింగులకు బదులు రబ్బరు తిత్తులుండును. ఒక కంప్రెసరు వానిలో గాలి నింపుచుండును. రబ్బరు కాలక్రమమున పగులును, గాలి కారును. కారిన గాలిని నింపుటకై కంప్రెసరు విశ్రాంతి లేక తిరిగి తిరిగి కాలిపోవును. ఒక తిత్తికి పడిన చీలిక రెండు ఖర్చులను తెచ్చు విధమిది. కొన్ని జర్మను డీజిల్ ఇంజనులలో టైమింగ్ చైను వెనుక వైపున, గేరుబాక్సు దిక్కున అమర్చబడియుండును. అచట చైను ధర కంటె దానిని చేరుకొనుటకు అగు కూలియే భారము. చిన్న కారు ఇంజనుకు 3, 4 లీటర్ల ఆయిలు చాలును. వీనిలో ఆరు సిలిండర్ల ఇంజనులకు 8 లీటర్ల వరకు పట్టును. టైర్ల మాట ఎత్తనే వద్దు.

అన్నింటికంటె మన నగరవాసికి చిక్కు తెచ్చునది డి.పి.ఎఫ్. అను మసి వడపోత. పొగగొట్టము దారిలో ఉండి డీజిల్ మసిని పట్టుకొనును. మసి నిండినప్పుడు సుమారు 600 డిగ్రీల వేడిలో దానిని కాల్చి శుభ్రపరచు ఏర్పాటు ఇంజనులోనే కలదు. అయితే ఆ వేడి పుట్టవలెనన్న బండి కొంతసేపు ఆగకుండ వేగముగ పోవలెను. చార్మినారు నుండి మదీనా, మదీనా నుండి అఫ్జల్‌గంజ్, నడుమ పది చోట్ల ఆగుట: ఈ నడకలో ఆ వేడి ఎన్నటికిని రాదు. మన విద్యార్థి బండిలో రెండవ మాసముననే హెచ్చరిక దీపము వెలిగినది. ఆ వడపోతను కోసి పారవేసిన చిక్కు తీరునని ఒక మెకానిక్ సలహా ఇచ్చినాడట. బండి నిర్మాణమును అట్లు మార్చుట చట్టవిరుద్ధము. పైగా ఆ మసి పోవునది వెనుక స్కూటరుపై వచ్చువారి ఊపిరితిత్తులలోనికి. అతడు ఆ సలహాను వినలేదు. ఈ ఒక్క విషయమున మేము అతనిని చూచి గర్వపడుచున్నాము.

డీజిల్ చౌక అను మాట పాతబడినది. 2012లో పెట్రోలుకు డీజిలుకు లీటరు ఒక్కింటికి 30 రూపాయలకు పైగా తేడా ఉండిన కాలము ఒకటి కలదు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ తొలగినది. 2025లో హైదరాబాదులో ఆ తేడా సుమారు 12 రూపాయలు. రెండు టన్నులు దాటిన బండి నగరములో లీటరుకు 9 కిలోమీటర్లు ఇచ్చిననూ కిలోమీటరుకు పది రూపాయల పైమాట. లీటరుకు 15 ఇచ్చు చిన్న పెట్రోలు కారుకు ఏడు రూపాయల చిల్లర. చౌక ఎక్కడిది?

ఇక కాగితముల సంగతి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో పదేండ్లు దాటిన డీజిల్ వాహనములు ఢిల్లీ, దాని పరిసర ప్రాంతములలో తిరుగరాదని ఆదేశించినది. 2018 అక్టోబరులో సుప్రీం కోర్టు దానిని బలపరచినది. 2025లో దాని అమలు పలు మలుపులు తిరిగినది. ఏమైననూ, అచట కాలము తీరవచ్చిన ఖరీదైన బండ్లు తక్కువ ధరకు దక్షిణాదికి వచ్చుట అలవాటైనది. మన విద్యార్థి బండియు అట్టిదే. "పేపర్లన్నీ మేమే చేయిస్తాం" అని అమ్మినవారు అన్నారట. నిరభ్యంతర పత్రము మాత్రము తెప్పించి ఇచ్చినారు. ఇతర రాష్ట్రపు వాహనమును పన్నెండు మాసములకు మించి మరొక రాష్ట్రమున ఉంచుకొనువాడు కొత్త నంబరు పొందవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టము చెప్పుచున్నది. నంబరు పొందుటకు జీవితకాల పన్ను కట్టవలెను. ఆ పన్నుకు ఆధారము మీరు కొన్న 9 లక్షలు కాదు, బండి కొత్తదిగా ఉన్ననాటి ధర. వయస్సును బట్టి శాతము తగ్గునే గాని, లెక్క మొదలగునది 60 లక్షల వద్ద. పైగా సొంత వాహనమునకు మొదటి రిజిస్ట్రేషను చెల్లునది 15 ఏండ్లు. పన్నెండేండ్ల బండి కొన్నవాడు మూడేండ్లలో మరల ఫిట్‌నెస్ పరీక్షకు నిలువవలెను.

బీమా ఉన్నది గదా అని కొందరందురు. సాధారణ బీమా ప్రమాదములకు, దొంగతనమునకు వర్తించును. లోపలి యంత్రము అరిగి చెడిపోయిన దానికి వర్తించదు. ఇది తెలియక కొన్నవారిని మేమెరుగుదుము, వారిలో ఒకరు అధ్యాపకులు.

ఇంత వ్రాసినందున ఎక్కువ కిలోమీటర్లు తిరిగిన బండి ప్రతిదియు పనికిరానిదని మా అభిప్రాయము కాదు. నిజమునకు ఎక్కువ తిరుగుట దోషమే కాదు. విజయవాడ రహదారిపై వేళకు ఆయిలు మార్చుకొనుచు 1,80,000 కిలోమీటర్లు తిరిగిన డీజిల్ ఇంజను, నగరములో ఆగుచు సాగుచు 60,000 తిరిగిన దాని కంటె ఆరోగ్యముగ ఉండవచ్చును. దోషమంతయు రుజువు లేకపోవుటలో ఉన్నది. మీటరు అంకెలను వెనుకకు త్రిప్పుట కష్టమైన విద్య కాదు. అందుచేత మీటరును గాక బ్రేకు పెడలు రబ్బరును, స్టీరింగు తోలు మెరుపును, కంపెనీ సర్వీసు పుస్తకమును చూడవలెను. తెల్లవారగనే పోయి, చల్లని ఇంజనును మీ ఎదుట స్టార్టు చేయుమని అడుగవలెను. ముందే వేడి చేసి ఉంచిన ఇంజను చాల రోగములను దాచును. రాత్రంతయు నిలిపిన బండి ఉదయమునకు ఒక మూల కుంగియున్నదేమో చూడవలెను, అది తిత్తి సంగతి చెప్పును. సీటు బెల్టును చివరి వరకు లాగి చూడవలెను. 2015 డిసెంబరులో మద్రాసు నగరము, 2020 అక్టోబరులో మన హైదరాబాదు నీట మునిగినప్పుడు ఎన్నో కార్లు మునిగినవి. సీట్లు తుడిచి సుగంధము చల్లినవారు బెల్టు చుట్టలోని బురద గీతను తుడుచుట మరచుదురు.

ఇవన్నియు సరిగా ఉండి, బండి ధరలో మూడవ వంతు మొదటి సంవత్సరపు మరమ్మతులకై విడిగా పెట్టుకొనగలవాడు కొనవచ్చును. యంత్రముల పని తెలిసినవాడు, ఇంట మరొక బండి ఉన్నవాడు కొని సుఖపడవచ్చును. మొదటి కారుగా, ఉన్న డబ్బంతయు దానిపైననే పెట్టి, మరునాడు అదే బండిలో ఉద్యోగమునకు పోవలసినవాడు కొనరాదని మా నిశ్చితాభిప్రాయము. కొత్తగా స్టీరింగు పట్టినవానికి పాతబస్తీ గల్లీలలో అంత వెడల్పు, అంత బరువు గల బండి ఇతరులకును అపాయకరమే. వీధి చివర మెకానిక్ విప్పి బిగించగల చిన్న పాత కారు ఏదైనను అతనికి నడుపుటను, ఖర్చు పెట్టుటను రెండింటిని నేర్పును.

చౌమహల్లా ప్రాసాదములో నిజాముల పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ప్రదర్శనకు ఉంచబడినది. నూరేండ్లకు పైబడిన ఆ కారు తిరిగినది కొన్ని వందల మైళ్లేనని చెప్పుదురు. అది ప్రయాణమునకు కాదు, ఊరేగింపునకు. ఊరేగింపులకు తగిన బొక్కసము వారికుండెను.

మన పిల్లవాడు ఊరేగింపు కొరకే కొన్నాడని మేము మొదట తలచితిమి. కొంత మందలించితిమి కూడ. అప్పుడతడు చెప్పిన మాటకు మా నోట మాట రాలేదు. అతని తండ్రి సౌదీలో చేసినది ఇంటి డ్రైవరు ఉద్యోగము. పందొమ్మిదేండ్లు అట్టి పెద్ద బండ్లనే నడిపినాడు, యజమాని పిల్లలను బడికి, ఆడవారిని బజారుకు. "మా నాన్న ఆ బండిలో వెనక సీట్లో ఎన్నడూ కూర్చోలేదు సార్. ఒక్కసారి కూర్చోబెట్టాలనుకున్నాను" అన్నాడు. మరి అంత అనుభవము గల తండ్రి వారించలేదా అని అడిగితిమి. తండ్రికి బండి గుణము తెలియును. ఖర్చు తెలియదు. అక్కడ గ్యారేజీ బిల్లు పోవునది యజమాని వద్దకు. పందొమ్మిదేండ్లలో ఆయన ఒక్క బిల్లునైనను చూచి ఎరుగడు.

తిత్తులు, కంప్రెసరు మార్చుటకు 1 లక్షా 60 వేలు. తరువాత గేరుబాక్సు. దానికి 4 లక్షలని అంచనా వేసినారు. చెల్లెలి కళాశాల ఫీజు కట్టవలసిన నెల అది. బండి రెండు మాసములు గల్లీలో టార్పాలిన్ క్రింద నిలిచినది. తండ్రి ప్రతి శుక్రవారము దానిని తుడిచెడివాడట.

కళాశాల కమిటీ వారికి మా మనవి ఒకటి. చివరి సంవత్సరపు విద్యార్థులకు ఏడాదికి ఒక మధ్యాహ్నము కేటాయించి, పాత వాహనము కొనుట, దాని కాగితములు, పన్ను, బీమా, మరమ్మతుల లెక్క గూర్చి తెలుగు, ఉర్దూ రెండింటను చెప్పించవలెను. ప్రసంగమునకు పెద్ద ఉద్యోగులు అక్కరలేదు. మన వీధిలోని మెకానిక్ ఒకరిని పిలిచి, ఆయనకు కుర్చీ వేసి, చాయ్ ఇచ్చి, విద్యార్థులు అడిగిన దానికి బదులు చెప్పుమని కోరిన చాలును. గత సమావేశమున చర్చకు వచ్చిన కార్ల షెడ్డు కంటె ఇది తక్కువ ఖర్చుతో అగు పని.

బండి ఎట్టకేలకు 4 లక్షల 20 వేలకు అమ్ముడైనది. కొనుటకు వచ్చినవాడు ఇరవై రెండేండ్ల యువకుడు, అతనికిని అదే మొదటి కారు. మనవాడు తిత్తుల సంగతి, గేరుబాక్సు సంగతి, పన్ను సంగతి ఏదియు దాచక చెప్పినాడట. ఆ యువకుడు బండి చుట్టు ఒకసారి తిరిగి వచ్చి, "ఫర్వాలేదు భాయ్, నాకు తెలిసిన మంచి మెకానిక్ ఉన్నాడు" అని డబ్బు లెక్కపెట్టినాడట.