కోతికి పండు పెట్టడం దయ కాదు



బతు గుహల ఆలయానికి వెళ్ళినవారు ఆ 272 మెట్ల మీద కోతులను చూచే ఉంటారు. భక్తుల చేతిలోని కొబ్బరి చిప్పను, అరటిపండును, ప్లాస్టిక్ సంచిని అవి ఎలా లాగుకొంటాయో మీకు తెలుసు. కొందరు నవ్వుతారు, కొందరు భయపడతారు. మరికొందరు ఆంజనేయస్వామిని తలచుకొని పండ్లు పంచిపెడతారు. అది పుణ్యమని వారి నమ్మకం. కాని ఆ పని కోతికే కీడు చేస్తుందని నా అభిప్రాయం. కారణాలు చెబుతాను, చదివి మీరే ఆలోచించండి.

మలయు భాషలో కెరా అని పిలిచే ఈ పొడవాటి తోక కోతి నదీతీరాలలో, మడ అడవులలో, అడవి అంచులలో నివసించే జీవి. పండ్లు, లేత ఆకులు, పురుగులు, పీతలు దాని ఆహారం. తిన్న పండ్ల గింజలను దూరంగా వదలి కొత్త చెట్లు మొలవడానికి అది తోడ్పడుతుంది. అడవులు నరికిన నేలలోనే మన పూర్వులు రబ్బరు తోటలలో, కొబ్బరి తోటలలో చెమటోడ్చారు. అటువంటి తోటలు ఎన్నో నేడు ఇళ్ళ వరుసలుగా, రహదారులుగా మారాయి. కోతులు ఊరిలోకి వచ్చాయని మనం అంటాము. నిజానికి ముందుగా వాటి అడవిలోకి వచ్చింది ఊరే.

మనం పండు పెట్టినప్పుడు కోతి ఒక పాఠం నేర్చుకొంటుంది: మనిషి చేతిలో ఆహారం ఉంటుంది. తల్లిని చూచి పిల్ల కూడా అదే నేర్చుకొంటుంది. ఇవ్వనివారి చేతినుండి లాగుకొంటుంది, అడ్డుకొంటే కరుస్తుంది. అప్పుడు ఫిర్యాదులు వెళతాయి, బోనులు వస్తాయి. అలా పట్టుబడిన కోతులలో చాలా వాటికి ప్రాణం దక్కదు. పండు పెట్టినవారు క్షేమంగా ఇల్లు చేరుతారు, శిక్ష మాత్రం కోతికి పడుతుంది. ఎక్కడ చూచినా కనిపించే ఈ జాతిని 2022లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చింది.

కువాలా సెలంగోర్‌లోని బుకిట్ మెలావతి కొండపై ఉండే వెండిరంగు కొండముచ్చులు సాధు జంతువులే. వాటికి పెడితే తప్పేమిటని మీరు అడగవచ్చు. వాటి పొట్ట ఆకులను పులియబెట్టి జీర్ణం చేసుకొనేందుకు ఏర్పడినది. రొట్టె, తీపి పదార్థాలు ఆ పొట్టకు సరిపడవు.

ఆకలిగొన్న ప్రాణికి అన్నం పెట్టమని పెద్దలు చెప్పారు గదా అని మీకు సందేహం కలుగవచ్చు. ఆ మాట గొప్పది. అయితే అడవి జంతువుకు కావలసిన అన్నం చెట్టు మీద ఉంది. ఆ చెట్టును మిగల్చడమే మనం చేయగల అన్నదానం. పినాంగులోని తెలుక్ బహాంగ్‌లో 2019లో పాత అగ్నిమాపక గొట్టాలతో రోడ్డుకు పైగా ఒక వంతెన కట్టారు. కొండముచ్చులు వాహనాల కింద పడకుండా ఒక చెట్టునుండి మరొక చెట్టుకు దాటడానికి అది దారి. దయ అంటే అటువంటిది. పొరుగున ఉన్న సింగపూరులోనైతే 2020 నుండి అడవి జంతువులకు ఆహారం పెట్టడం చట్టవిరుద్ధం.

మీరు చేయగల పనులు చిన్నవే. కోతులున్న చోట తినుబండారాలను సంచిలో దాచండి. ఇంటి చెత్తబుట్టకు గట్టి మూత పెట్టండి. కోతి కళ్ళలోకి తేరిపార చూడవద్దు, అది బెదిరింపుగా భావిస్తుంది. పరుగెత్తకుండా నెమ్మదిగా తప్పుకొనండి.

అన్నిటికంటె కష్టమైన పని ఇంకొకటి ఉంది. గుడికి వెళ్ళినప్పుడు మీ అవ్వగారో తాతగారో కోతికి పండు అందించబోతే, ఎదిరించి మాట్లాడవద్దు. వారి చేయి పట్టుకొని, "తాతా, ఈ పండు స్వామికి నైవేద్యం పెట్టి మనం ప్రసాదంగా తిందాము. కోతిని దాని చెట్టు మీదనే బ్రతకనిద్దాము" అని మెల్లగా చెప్పండి. ఆ మాట మేము చెప్పినదానికంటె మనుమలు చెబితేనే వారు వింటారు.