చందా ఇచ్చేముందు మాట తీసుకోండి



ఈమధ్య టౌన్లలో ఒక పద్ధతి జాస్తి అవుతా ఉంది. పార్కు బాగుచెయ్యాలన్నా, చెరువుగట్టు మీద నడిచే దారి వెయ్యాలన్నా ఫోన్లో లింకు పంపి తలా ఇంత వెయ్యమంటారు. క్రౌడ్‌ఫండింగ్ అంటారు దీన్ని. మనకిది కొత్త కాదు. రామాలయాలు అట్లనే కట్టినాం, గంగజాతర అట్లనే చేస్తా ఉండాం. తిరపతిలో కాపురాలు పెట్టిన మన పిలకాయలు ఇప్పుడా లింకులు ఊరికి కూడా పంపతా ఉండారు. ఇయ్యద్దని నేను చెప్పను. ఇచ్చేముందు మాట తీసుకోండి అంటాను.

ఎందుకంటే, 2015లో అమరావతి శంకుస్థాపన అప్పుడు 'నా అమరావతి - నా ఇటుక' అని పెట్టినారు. ఇటుక 10 రూపాయలు, ఆన్‌లైన్లో ఎవరైనా కొనచ్చు. ఊరూరి నుంచి మట్టి, నీళ్లు కూడా తెప్పించినారు. నాలుగేండ్లకు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. ఇటుక కొన్నోళ్లను ఏమంటారని అడిగినోళ్లు లేరు. ల్యాండ్ పూలింగులో భూమిచ్చిన రైతుల చేతిలో మాత్రం ఒప్పంద పత్రం ఉండింది. దాంతో కోర్టుకు పోయినారు. 2022 మార్చిలో హైకోర్టు వాళ్ల పక్షాన తీర్పిచ్చింది. రాజధాని యాడుండాలనే వాదన పక్కన పెట్టండి. ఇటుక కొన్నోడు దాతగా మిగిలినాడు, భూమిచ్చినోడు భాగస్తుడైనాడు. ఆ తేడా తెచ్చింది కాగితం.

1997లో మొదలైన జన్మభూమి గుర్తుందా? పనిలో జనం వాటా ఉండాలన్నారు, డబ్బుగానో శ్రమదానంగానో. మంచి ఆలోచనే. కానీ చాలాచోట్ల ఆ వాటా కాంట్రాక్టరే కట్టి, పనిలో రాబట్టుకున్నాడని అప్పట్లోనే విమర్శలొచ్చినాయి. వాటా మనది కానప్పుడు పని ఎట్లుందని నిలదీసేదెవరు?

నెదర్లాండ్స్‌లో రోటర్‌డామ్ అని ఒక నగరం. అక్కడ రోడ్డు మీదుగా, రైలు పట్టాల మీదుగా ఒక చెక్క నడకవంతెన కట్టినారు. 25 యూరోల నుంచి ఇచ్చినోళ్ల పేర్లు పలకల మీద చెక్కినారు. ఆ పలకల డబ్బు వంతెనకు చాల్లేదు. 2012లో నగరం 40 లక్షల యూరోలు ఏ పనికి పెట్టాలో జనాన్నే ఓటెయ్యమంటే, వాళ్లు ఈ వంతెనకు ఓటేసినారు. పలక మీద పేరు కంటే ఆ ఓటే వంతెనను నిలబెట్టింది.

"టౌను సంగతి మనకెందుకురా" అంటారేమో. కొర్లగుంట, తాతయ్యగుంట అని తిరపతిలో వీధుల పేర్లు వినండి. గుంటల పేర్లే అవి. టౌన్లో కాలవ పూడిస్తే నీళ్లు యాడికో ఒక యాడికి పోవల్ల కదా. స్వర్ణముఖి తిరపతి పక్క నుంచి కాళహస్తి మీదుగా పోతా ఉంది. పైన వదిలిన మురికి కింద మడికి వస్తాది. 2021 నవంబరు వానలకు తిరపతి వీధులు మునిగినాయి, అదే వానకు రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. కాబట్టి టౌన్లో చెరువు బాగుచేసే పనికి మన వాటా, మన మాట రెండూ ఉండాల్సిందే.

నేను అడగమనేది మూడే.

ఒకటి, పని గీతలోనే మన మాట. చెరువు పనైతే తూము, మొరవ యాడ పెడతారో ఆయకట్టు రైతును పిలిచి అడగల్ల. అందం కోసం మొరవ మూసే పనైతే ఒక్క రూపాయి వద్దు.

రెండు, లెక్క. జాతర అయినాక జమాఖర్చు చదివినట్టు బిల్లులతో సహా అందరికీ చూపించల్ల.

మూడు, ఆ తర్వాత చూసేదెవరు? మన సీమలో దశబంధం ఇనాం అని ఉండేది. చెరువు కట్టినోడికి భూమి ఇచ్చి, మరమ్మతు భారం కూడా ఆయన మీదనే పెట్టేవాళ్లు. రిబ్బను కత్తిరించి పోయే పనికి మనమెందుకు ఇయ్యల్ల?

ఈ మూడూ కాగితం మీద రాసిస్తే సంతోషంగా ఇయ్యండి, తోడుగా రెండు ట్రాక్టర్లు మట్టి కూడా తోలండి. రాసియ్యకపోతే ఆ డబ్బు మన ఊరి చెరువు తూముకు పెట్టుకుందాం. మీరేమంటారు?