బ్యాండు రద్దు చేయడం ద్రోహం కాదు

బ్రిటిష్ రాక్ సంగీతంలో నలభై ఏళ్లు దాటినా తెగని పంచాయితీ ఒకటుంది. 1982లో ‘ది జామ్’ అనే బ్యాండు ఇంగ్లండులో తిరుగులేని ఊపులో ఉంది. ఆ ఏడాదే దాని ఆల్బమ్ ‘ది గిఫ్ట్’ అమ్మకాల పట్టికలో మొదటి స్థానం అందుకుంది. అదే ఏడాది అక్టోబరులో, పాటలు రాసి పాడే పాల్ వెల్లర్ బ్యాండును రద్దు చేస్తున్నానని ప్రకటించాడు. అప్పటికి అతనికి 24 ఏళ్లు. డిసెంబరు 11న బ్రైటన్‌లో చివరి కచేరీ జరిగింది. వీడ్కోలు పాటగా విడుదలైన ‘బీట్ సరెండర్’ నేరుగా ఒకటో స్థానంలోకి వచ్చింది. మరుసటి ఏడాది మార్చికల్లా అతను ‘ది స్టైల్ కౌన్సిల్’ అనే కొత్త బ్యాండుతో, కొత్త వేషంతో, కొత్త బాణీతో ప్రత్యక్షమయ్యాడు. 1990 నుంచి సొంత పేరుతోనే పాడుతున్నాడు. అభిమానులు అప్పటి నుంచి మూడు వర్గాలు. జామ్ తర్వాత వచ్చిందంతా దిగజారుడేనని ఒక వర్గం అంటుంది. అసలు సాహసమంతా స్టైల్ కౌన్సిల్‌దేనని, దాన్ని లోకం సరిగ్గా వినలేదని రెండో వర్గం అంటుంది. సోలోగా పాడినప్పుడే మనిషి పండాడని మూడో వర్గం అంటుంది. ఎంత కొట్లాడుకున్నా ఈ ముగ్గురూ ఒక్క విషయంలో ఏకమవుతారు: ఇవి మూడు వేర్వేరు జీవితాలని. తప్పు అక్కడే ఉంది. పేర్లు మారిన చోట సంగీతం మారలేదు. సంగీతం మారిన చోట పేరు ఇంకా పాతదే. ఇది గమనిస్తే ‘ద్రోహం’ అనే అభియోగానికి నిలబడే చోటుండదు.

ముందుగా ఒక మాట. అభిమానుల బాధ ఉత్తది కాదు. లండన్ పక్కన సర్రీ ప్రాంతంలోని వోకింగ్ అనే మామూలు ఊళ్లో, 1972లో, బడి పిల్లల బృందంగా జామ్ మొదలైంది. వెల్లర్ తండ్రి టాక్సీ నడిపాడు, ఇళ్ల నిర్మాణ పనులు చేశాడు. చివరికి కొడుకు బ్యాండుకు మేనేజరయ్యాడు. బేస్ గిటార్ మీద బ్రూస్ ఫాక్స్‌టన్, డ్రమ్స్ మీద రిక్ బక్లర్. పంక్ సంగీతం ఉధృతంగా ఉన్న 1977లో పాలిడార్ సంస్థతో ఒప్పందం కుదిరింది. చిరిగిన చొక్కాలు, పిన్నీసులు రాజ్యమేలుతున్న రోజుల్లో ఈ ముగ్గురు నల్ల సూట్లు, బిగుతైన టైలతో వేదికెక్కారు. అరవైల నాటి ‘మోడ్’ కుర్రాళ్ల షోకును, పంక్ వేగాన్ని కలిపారు. ఆరేళ్లు నిండకుండా ఆరు ఆల్బమ్‌లు ఇచ్చారు. నాలుగు పాటలు ఒకటో స్థానానికి వెళ్లాయి. ఉద్యోగాలు దొరకని చిన్న ఊళ్ల కుర్రకారు తమ గోడు ఈ పాటల్లో విన్నారు, ఆ సూట్లే తామూ తొడుక్కున్నారు. అలాంటి బ్యాండును ఊపులో ఉండగా ఆపేస్తే, ఏరు దాటాక తెప్ప తగలేసినట్టే కనిపిస్తుంది. కాని వెల్లర్ దాటేసిన ఏరంటూ ఏదీ లేదు. నడి ఏట్లో తెప్ప వదిలి ఈదడానికి దిగాడు. అవతలి గట్టు దొరుకుతుందన్న పూచీ అతనికి ఎవరూ ఇవ్వలేదు.

ఇక సంగీతం సంగతి. 1982 ఆరంభంలో ఒకటో స్థానానికి వెళ్లిన ‘టౌన్ కాల్డ్ మ్యాలిస్’ జామ్ అభిమానులకు ప్రాణం లాంటి పాట. దాన్ని ఒకసారి చెవి పెట్టి వినండి. ముందుకొచ్చేది గిటార్ కాదు. ఫాక్స్‌టన్ బేస్ గంతులేస్తూ మొదలవుతుంది. వెంటనే అరవైల అమెరికన్ మోటౌన్ పాటల నాటి దరువు అందుకుంటుంది. దాని మీద ఆర్గాన్ తేలుతుంది. కోతకోసినట్టు పలికే వెల్లర్ గిటార్, అప్పటిదాకా జామ్‌కు గుర్తింపు చిహ్నమైన ఆ శబ్దం, ఇక్కడ వెనక బెంచీలో కూర్చుంది. మాటలు చిన్న ఊరి పేదరికం గురించి. నడక మాత్రం నాట్యానికి పిలిచేది. దీనికి జోడుగా అదే రికార్డు మీద వచ్చిన ‘ప్రెషస్’ పూర్తిగా ఫంక్ ధోరణిలో సాగుతుంది. ఏడాది చివర ‘బీట్ సరెండర్’తో పాటు అమెరికన్ సోల్ గాయకుడు కర్టిస్ మేఫీల్డ్ పాట ‘మూవ్ ఆన్ అప్’ను జామ్ పాడింది. స్టైల్ కౌన్సిల్ పుట్టాక వినిపించిందని అభిమానులు వాపోయే సోల్, జాజ్, నాట్య లయ అంతా జామ్ పేరు మీదే, ఆ ముగ్గురి చేతుల మీదుగానే అప్పటికే మొదలైంది. కొత్త బోర్డు కట్టింది 1983లో కావచ్చు. కొట్టులో సరుకు మారింది మాత్రం అంతకు ముందే.

సోలో దశ కథా ఇంతే. 1993లో వచ్చిన ‘వైల్డ్ వుడ్’లోని అకూస్టిక్ గిటార్‌ని, పల్లెగాలి లాంటి నెమ్మదిని నడివయసు తెచ్చిన మార్పుగా చాలామంది లెక్క కడతారు. కాని 1978 నాటి ‘ఆల్ మోడ్ కాన్స్’లోనే ‘ఇంగ్లిష్ రోజ్’ ఉంది. కెరటాల హోరుతో మొదలై, ఒంటి గిటార్ మీద సాగే ప్రేమ పాట. ఇరవై ఏళ్ల వెల్లర్ దాన్ని పాడనైతే పాడాడు గాని, తొలి ముద్రణ అట్ట మీద దాని పేరే వేయలేదు. పంక్ కాలపు కుర్రాడికి ఆ మెత్తదనం బయటపెట్టుకోవడం అంత తేలిక కాదేమో. రెండేళ్ల తర్వాత ‘దట్స్ ఎంటర్‌టైన్‌మెంట్’ వచ్చింది. అదీ అకూస్టిక్ గిటార్ పాటే. దాన్ని బ్రిటన్‌లో సింగిల్‌గా విడుదల చేయలేదు. అయినా జర్మనీలో అచ్చయిన రికార్డును దిగుమతి చేసుకుని మరీ కొన్నారు అభిమానులు. ఆ దిగుమతి ప్రతుల అమ్మకాలతోనే 1981లో అది బ్రిటిష్ పట్టికలో 21వ స్థానం దాకా వెళ్లింది. అంటే గోల తగ్గించి పాడిన వెల్లర్‌ను మొదట నెత్తిన పెట్టుకున్నది జామ్ అభిమానులే. పదేళ్ల తర్వాత అదే పని చేస్తే మెత్తబడ్డాడనడం న్యాయం కాదు.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. బాణీ సంగతి వదిలేయండి, జామ్‌లో కోపం ఉంది, స్టైల్ కౌన్సిల్‌లో కాఫీ హోటళ్ల షోకు తప్ప ఏముంది అంటారు. పైపైన చూస్తే నిజమే అనిపిస్తుంది. స్టైల్ కౌన్సిల్‌లో వెల్లర్ సహచరుడు మిక్ టాల్బట్ కీబోర్డులు, ఫ్రెంచ్ సినిమా హీరోల్లా భుజాన వేసుకున్న స్వెట్టర్లు, ప్యారిస్ ఫొటోలు ఆ అభిప్రాయానికి ఊతమిచ్చాయి. కాని చరిత్ర వేరుగా చెబుతోంది. 1984లో గని కార్మికుల సమ్మె సాగుతున్నప్పుడు వారి కుటుంబాల సహాయార్థం ‘సోల్ డీప్’ పాట తెచ్చింది ఈ స్వెట్టర్ల మనిషే. 1985లో ఒకటో స్థానానికి వెళ్లిన ‘అవర్ ఫేవరిట్ షాప్’ అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ పాలన మీద నేరుగా గురిపెట్టిన ఆల్బమ్. లేబర్ పార్టీ గెలుపు కోసం కళాకారులు కట్టిన ‘రెడ్ వెడ్జ్’ యాత్రల్లో గాయకుడు బిల్లీ బ్రాగ్‌తో కలిసి ఊరూరా తిరిగాడు. జామ్ రోజుల్లో వెల్లర్ ఏ పార్టీ కోసమూ ఇలా వీధికెక్కలేదు. పోనీ, కోపంగా మోగే గిటార్ మాటను గట్టిగా చేరవేస్తుందా? 1979 నాటి ‘ఈటన్ రైఫిల్స్’నే తీసుకోండి. పని హక్కు కోసం నడిచిన నిరుద్యోగుల ఊరేగింపును ఈటన్ అనే సంపన్నుల బడి కుర్రాళ్లు గేలి చేశారన్న వార్త మీద పుట్టిన పాట అది. అదే బడిలో చదివి, తర్వాత దేశ ప్రధాని అయిన డేవిడ్ కామెరాన్ 2008లో ఆ పాటంటే తనకు ఇష్టమని చెప్పుకున్నాడు. అందులో ఏ ముక్క అతనికి అర్థం కాలేదని వెల్లర్ మండిపడ్డాడు. ఎవరిని తిట్టారో వాళ్లే తాళం వేశారన్నమాట. ధ్వనిలో కోపం ఉన్నంత మాత్రాన అర్థంలో కోపం చేరుతుందన్న హామీ లేదు.

రెండో అభ్యంతరం నాణ్యత గురించి. దీన్ని దాటవేయడం కుదరదు. 1987 నాటి ‘ది కాస్ట్ ఆఫ్ లవింగ్’ నీరసమైన ఆల్బమ్. 1989లో రాయల్ ఆల్బర్ట్ హాల్ కచేరీలో అప్పటి క్లబ్బుల్లో మోగే హౌస్ సంగీతాన్ని వినిపిస్తే సొంత అభిమానులే కేకలేశారు. అదే ధోరణిలో చేసిన ఆల్బమ్‌ను పాలిడార్ సంస్థ విడుదల చేయనంది. 1998లో గాని అది వెలుగు చూడలేదు. పదేళ్ల కిందట దేశాన్ని ఊపిన మనిషి 1990లో రికార్డు ఒప్పందం లేకుండా, చిన్న చిన్న హాళ్లలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. కాబట్టి మార్పంటే అదంతటదే గొప్పదని వాదించడం నా ఉద్దేశం కాదు. మారే హక్కు కళాకారుడిది. మారాక వచ్చిన పాట బాగుందో లేదో తేల్చే హక్కు వినేవారిది. అభిమానులు ఈ రెంటినీ కలిపేయడం వల్లే చిక్కొచ్చింది. ‘ది కాస్ట్ ఆఫ్ లవింగ్’ బాగాలేదనడం విమర్శ. అది జామ్ లాగా లేదనడం విమర్శ కాదు, మొండితనం.

పైగా వెల్లర్ చరిత్రలో చప్పగా సాగిన కాలం ఏదని అడిగితే, మారిన కాలాన్ని ఒక్కదాన్నే చూపలేం. 1995లో ‘స్టాన్లీ రోడ్’ వచ్చింది. అతను పెరిగిన వోకింగ్ వీధి పేరే దానికి పెట్టుకున్నాడు. అట్ట బొమ్మ వేసింది బీటిల్స్ ‘సార్జంట్ పెప్పర్’ అట్ట రూపశిల్పుల్లో ఒకరైన పీటర్ బ్లేక్. అది ఒకటో స్థానానికి వెళ్లింది. ఒయాసిస్ బ్యాండు కుర్రాళ్లు అతన్ని పెద్దన్నలా చూశారు. వాళ్ల పాట ‘షాంపేన్ సూపర్‌నోవా’లో గిటార్ వాయించాడు. అభిమానులంతా శాంతించారు. చిక్కేమిటంటే, ఆ శాంతి తర్వాత పదేళ్ల పాటు చాలావరకు అదే గిటార్, అదే గరుకు గొంతు, అదే నడక. అప్పుడే విమర్శకులు ‘నాన్నల రాక్’ అని ఎగతాళి చేశారు. యాభయ్యో ఏట, 2008లో, ‘22 డ్రీమ్స్’తో ఆ గూడు తానే చెదరగొట్టాడు. జానపదం, జాజ్, ఎలక్ట్రానిక్ ధ్వనులు అన్నీ అందులో చోటు చేసుకున్నాయి. నలుగురూ మెచ్చే చోట కుదురుకున్నప్పుడు పాట పలచబడింది. కదిలినప్పుడు, కొన్నిసార్లు కాలు జారినా, ప్రాణం నిలిచింది.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం అభిమానులది కాదు, సహచరులది. జామ్ వెల్లర్ ఒక్కడి సొత్తు కాదు. ‘టౌన్ కాల్డ్ మ్యాలిస్’ను నడిపేది ఫాక్స్‌టన్ బేసే. ‘స్మిదర్స్-జోన్స్’ పాట రాసిందీ అతనే. బక్లర్ డ్రమ్స్ లేకుండా ‘గోయింగ్ అండర్‌గ్రౌండ్’ను ఊహించలేం. ఒక్కడి నిర్ణయంతో మిగతా ఇద్దరి బతుకుతెరువు తెగిపోయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి మాటల్లేవు. ఈ విషయంలో వెల్లర్‌ను వెనకేసుకు రావడం కష్టం. బ్యాండు ఆపడం ఒక ఎత్తు, ఇన్నేళ్ల స్నేహాన్ని అలా వదిలేయడం మరో ఎత్తు. కాని ఇది మనుషుల మధ్య తప్పొప్పుల లెక్క. పాటల లెక్కలో దీన్ని వేయలేం. తమ వాటా సంగీతాన్ని నిలుపుకునే హక్కు ఆ ఇద్దరికీ ఉందని 2007లో కలిసి వాయిస్తూ ‘ఫ్రమ్ ది జామ్’గా వాళ్లే చాటారు. 2010లో వచ్చిన వెల్లర్ ఆల్బమ్ ‘వేక్ అప్ ది నేషన్’లో ఫాక్స్‌టన్ బేస్ వాయించడంతో ఇద్దరి మధ్య గోడ కూలింది. బక్లర్‌తో మాత్రం పాత బ్యాండు మళ్లీ వేదికెక్కలేదు. 2025 ఫిబ్రవరిలో అతను కన్నుమూయడంతో ఆ ఆశ పూర్తిగా ముగిసింది.

జామ్ మళ్లీ కలిసి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి పోలికలున్నాయి. సెక్స్ పిస్టల్స్ 1996లో కలిశారు, ది పోలీస్ 2007లో కలిశారు. కచేరీలకు జనం పోటెత్తారు. రెండు బ్యాండ్ల నుంచీ కొత్త పాటల ఆల్బమ్ ఒక్కటీ రాలేదు. పాత పాటలు మళ్లీ వినడం తప్పేమీ కాదు. డబ్బు సంపాదించుకోవడమూ తప్పు కాదు. కాని వెల్లర్ ఆ దారి పట్టకపోవడం వల్ల దక్కిందేమిటో లెక్క చూడండి. అతని ఆల్బమ్‌లు బ్రిటన్‌లో ఒకటో స్థానానికి వెళ్లిన సంవత్సరాలివి: జామ్‌తో 1982, స్టైల్ కౌన్సిల్‌తో 1985, సోలోగా 1995, 2002, 2008, 2012, 2020, 2021. 1982 దగ్గరే ఆగిపోవాలని కోరిన అభిమాని ఇందులో ఏడు ఆల్బమ్‌లు వద్దనుకున్నట్టే. పట్టికలో స్థానం గొప్పతనానికి కొలబద్ద కాదన్న మాట నిజమే. కాని అయిదు దశాబ్దాల పాటు కొత్త సంగీతం ఇస్తూ వినేవాళ్లను నిలుపుకోవడం, ఒకే విజయాన్ని అరగదీసేవాడికి సాధ్యమయ్యే పని కాదు.

ఈ గాయకుడిని ఇప్పుడే మొదటిసారి వినబోయే తెలుగు శ్రోతకు ఒక సలహా. ఏ బ్యాండు గొప్పదన్న తగవులో ముందే తలదూర్చకండి. ‘ఇంగ్లిష్ రోజ్’ పక్కనే ‘వైల్డ్ వుడ్’ వినండి. ‘టౌన్ కాల్డ్ మ్యాలిస్’ వెంటనే స్టైల్ కౌన్సిల్ పాట ‘షౌట్ టు ది టాప్’ పెట్టండి. అట్టల మీది పేర్లు చూడకుండా వింటే, ఒక బ్యాండు ఎక్కడ ముగిసిందో మరొకటి ఎక్కడ మొదలైందో చెప్పడం అనుకున్నంత సులువు కాదు. నచ్చని పాటను నచ్చలేదని నిక్కచ్చిగా చెప్పండి. నిన్నటి పాటనే మళ్లీ పాడలేదని మాత్రం ఏ కళాకారుడినీ నిలదీయకండి.