ఆపదలోని కేకకు వెల యేల?

మామిడికోతల దినములలో నూజివీటి తోటలయందు కావలివారును, కూలికి బోవు స్త్రీలును ప్రొద్దు క్రుంకిన పిదపఁగూడ నుందురు. పాము కఱచినను, గాలివానకుఁ గొమ్మ విఱిగి పడినను, సెల్‌ఫోనుకు సిగ్నలు లేనిచో వారి కేక తోట దాటదు.

అట్టి తావులనుండి నేరుగ ఉపగ్రహమునకే ఆపద వార్త నంపు సౌకర్యమును ఆపిల్ సంస్థ 2022 నవంబరులో అమెరికా, కెనడాలయం దారంభించినది. మొదట రెండేండ్లు ఉచితమని చెప్పి, పిదప గడువు పొడిగించినది. అనఁగా నేఁటి యుచితము రేపు రుసుము కావచ్చును. మన దేశమున బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ వయాశాట్ సంస్థతోఁ గూడి యిట్టి సేవను 2024లోఁ బ్రకటించినది. కావున దీని వెల మాట మన యిండ్లకును వచ్చినట్లే.

ఉపగ్రహము లూరక నడువవు, వాడుకొనువారే చెల్లింపవలదా యని కొంద ఱందురు. ముచ్చటలకును, చిత్రములకును వెల గొనుట న్యాయమే. ప్రాణముకొఱకు వేయు కేక సంగతి వేఱు. నెల ఖర్చు తగ్గింపవలసినపుడు గృహిణి మొదటఁ దగ్గించుకొనునది తన వంతునే గదా! పిల్లల చదువు రీచార్జి నిలుచును, మగని రీచార్జి నిలుచును. తల్లి ఫోనునందలి రక్షణయే మొదట మానిపోవును. ఆపద మాత్రము రుసుము చెల్లించితివా యని యడిగి రాదు.

ఉచితముగా నిచ్చుట అసాధ్యమును గాదు. 112కుఁ జేయు పిలుపునకు రుసుము లేదు. 1982లో తొలి యుపగ్రహము నెగయించిన కోస్పాస్-సార్సాట్ అను అంతర్జాతీయ వ్యవస్థ, ఓడలనుండియు విమానములనుండియు వచ్చు ఆపద సంకేతములను ఉచితముగనే రక్షకుల కందించుచున్నది. మన దేశమును అందు భాగస్వామియే. టెలికాం సంస్థల రాబడిలోఁ గొంత పల్లెల సేవలకై డిజిటల్ భారత్ నిధికిఁ జేరుచున్నది. ఆ నిధినుండి యీ కేక ఖర్చు భరించుట తగిన పని.

ఒక హెచ్చరిక. ఈ సేవ గల ఫోనైనను దట్టమైన యాకుల క్రింద సరిగాఁ బనిచేయదు. చెట్లు వీడి ఆకాశము కనుపించు బయలునకు రావలయును. అంతేకాదు, 2016 నాఁటి నిబంధనల ననుసరించి, 2017 జనవరి 1 నుండి మన దేశమున నమ్ము ప్రతి ఫోనునను ఆపద మీట యుండవలయును. మీ ఫోనున నది యెక్కడ నున్నదో, యెట్లు నొక్కవలయునో నేఁడే తెలిసికొని, తోటపనికి వచ్చు స్త్రీలకును దెలుపుఁడు.